సవరణ: నళినీ జమీలా గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

మొన్న కేరళకు చెందిన సెక్స్ వర్కర్, హక్కుల కార్యకర్త నళినీ జమీలా గురించి రాస్తూ, ఆమె ఆత్మకథ వేరొకరు రాసిపెట్టిందేనని తేల్చేశాను. తప్పు నాదే. 2005లో మలయాళంలో వచ్చిన మొదటి కూర్పుకు కార్యకర్త ఐ.గోపీనాథ్ సాయం చేసిన మాట నిజం. కానీ అది నళినికి నచ్చలేదు. తన గొంతు అందులో లేదనిపించి, పుస్తకం బాగా అమ్ముడుపోతున్నా ఊరుకోకుండా మళ్లీ రాయించి, కొత్త కూర్పు తెచ్చింది. మూడో తరగతితో బడి మానేసిన మనిషి! 2007లో చరిత్రకారిణి జె.దేవిక ఇంగ్లీషు చేసింది ఈ రెండో కూర్పునే.

రెండోది, 'వేశ్య ఆత్మకథ' అని రాశాను. మలయాళం పేరులో ఉన్నది 'లైంగికతొళిలాళి'. తొళిలాళి అంటే కార్మికురాలు. ఆ ఒక్క మాట కోసమే కదా ఆమె పోరాటమంతా! త్రిశ్శూర్ వైపు మట్టి పనిచేసిన మనిషి, కూలి విలువ తెలిసిన మనిషి. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని సాకడానికి అత్త రోజుకు 5 రూపాయలు అడిగింది. కూలి డబ్బులు అందుకు చాలలేదు. అలా ఈ పనిలోకి వచ్చింది. ఈ సంగతి నేను ఒక్క ముక్కలో దాటేశాను. 'గతిలేక' ఈ పనిలోకి వచ్చిందని రాసిన వాక్యం కూడా తీసేస్తున్నాను, ఆ జాలి ఆమె అడిగింది కాదు.