పదహారు దాకా వెళ్లిన లెక్క

మన సంఘంలో ధ్యానం క్లాసు మాట వచ్చినప్పుడల్లా ప్రకటనలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: "మనసుకు ప్రశాంతత". ఆ వాక్యం తీసేయండని నా గోల. ఆ మాట నమ్మి వచ్చినవాళ్లు కళ్లు మూసుకున్న రెండు నిమిషాలకే బుర్రలో సంత మొదలవుతుంది. "ఇది మన వల్ల కాదులే" అని రెండో వారానికల్లా మానేస్తారు. నేనూ అలా రెండుసార్లు మానేసినవాణ్ణే.

చేయాల్సిన పని నిజానికి చాలా చిన్నది. ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోట ధ్యాస పెట్టి, ఊపిరి వస్తోందా, పోతోందా అని గమనించడం. బిగబట్టొద్దు, సాగదీయొద్దు. ప్రాణాయామంలో ఊపిరిని మనం నడిపిస్తాం, ఇక్కడ దాని మానాన దాన్ని వదిలేసి చూస్తూ కూర్చుంటాం. ఈ తేడా మొదటిరోజే చెప్పకపోతే, "ఊపిరి గమనించండి" అనగానే హాలంతా ఛాతీలు పొంగించి బుసలు కొడతారు.

పాళీ భాషలో దీని పేరు ఆనాపానసతి, అంటే ఊపిరి మీద ఎరుక. బుద్ధుడి బోధల సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని 118వ సుత్తంలో (ఉపదేశంలో) దీనికి 16 మెట్లు చెప్పారు. మొదటి మెట్టులో ఉన్నదల్లా, పొడవుగా పీలిస్తే పొడవుగా పీలుస్తున్నానని తెలుసుకోవడం. మనసు ఖాళీ చేసుకుని రమ్మని ఎవరూ అడగలేదు.

క్రీస్తుశకం 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఊపిరులు లెక్కపెట్టే ఉపాయం రాసిపెట్టాడు. ఐదుకు తగ్గకూడదు, పది దాటకూడదు. ఐదులోపే ఆపేస్తే ఇరుకు దొడ్లో తోలిన పశువుల్లా మనసు కొట్టుకులాడుతుందట. పది దాటిందా, ఊపిరిని వదిలేసి అంకెను పట్టుకుంటుందట.

ఆ రెండో మాట ఎంత నిజమో ఒక ఉదయం తెలిసొచ్చింది. ఒకటి, రెండు, మూడు అని బుద్ధిగానే మొదలుపెట్టాను. నాలుగు దగ్గర, ముందురోజు మీటింగులో ఒకాయన నా మాటకు అడ్డొచ్చి అన్న మాట గుర్తొచ్చింది. అప్పుడు నోరు పెగల్లేదు గానీ ఇప్పుడు బ్రహ్మాండమైన జవాబు తట్టింది. దానికి ఆయన ఏమంటాడు, తిరిగి నేనేమనాలి? దవడ బిగుసుకుంది, భుజాలు చెవుల దాకా లేచాయి. ఇంతలో లోపల ఎవరో "పదహారు" అన్నారు. లెక్క నడుస్తూనే ఉంది, లెక్కపెట్టేవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు.

ఆ పదహారు వినబడి ఉలిక్కిపడ్డ క్షణాన్నే నేను ఇన్నాళ్లూ ఓటమి అనుకున్నాను. అసలు పని జరిగేది అక్కడే. ఇరవై నిమిషాల్లో ముప్పైసార్లు తప్పిపోయి ముప్పైసార్లు ఒకటి దగ్గరికి వచ్చామంటే, ముప్పైసార్లు సాధన చేశామని లెక్క. గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకమూ ఇదే చెబుతుంది. చంచలమైన మనసు ఎటెటు పోతే అటునుంచల్లా మళ్లించుకు రమ్మంటుంది. పోతుందన్న సంగతి ముందే ఒప్పేసుకున్న శ్లోకం అది. కష్టమల్లా తిట్టుకోకుండా తిరిగి రావడంలోనే. నాకింకా పూర్తిగా చేతకాలేదు.

అలాగని ఒంట్లో ఏమీ జరగదనను. మణికట్టు మీద వేళ్లు పెట్టి నింపాదిగా ఊపిరి తీసి వదిలి చూడండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వడిగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. ఇందులో ముఖ్యమైన చెయ్యి మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరానిది. ప్రశాంతత కూడా వస్తుంది. వచ్చిందా లేదా అని నిమిషానికోసారి చూసుకుంటే మాత్రం నిద్రలాగే అదీ రాదు.

నిర్వాహకులకు ఇంకో మాట. ఊపిరి మీద ధ్యాస పెడితే కొందరికి టెన్షన్ ఇంకా పెరుగుతుంది, ముఖ్యంగా పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్లకు. వాళ్లను కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనిన చోటును గమనించమనండి. వద్దనుకుంటే లేచి వెళ్లొచ్చని కూడా చెప్పండి. "ఇది చేస్తే మాత్రలు అక్కర్లేదు" అనే ఉత్సాహవంతులు ప్రతి సభలోనూ ఒకరుంటారు, వాళ్లకు మైకు ఇవ్వకండి. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టిన ధ్యాన శిక్షణ కూడా వైద్యానికి తోడుగా వచ్చిందే.

మొదటిరోజుకు పది నిమిషాలు చాలు. చివర్లో "ప్రశాంతంగా అనిపించిందా?" అని అడక్కండి, పక్కవాళ్లను చూసి అందరూ తలూపుతారు. "ఎవరెవరు పది దాటిపోయారు?" అని అడిగి చేతులెత్తించండి. మొదటి చెయ్యి నాదే ఉంటుంది. ఆ మీటింగు ఆయన ఇప్పటికీ రోజూ నాలుగు దగ్గర అడ్డొస్తూనే ఉన్నాడు.