నేలమాళిగ ఎలుకలపై అభియోగపత్రం

ముద్దాయిలు: హాతుస్ జి పొరావ్ అనే పంక్ బృందం, అనగా నేలమాళిగ ఎలుకలు. పంక్ అంటే మొరటుగా, వేగంగా వాయించే రాక్ సంగీతం. ఊరు బ్రెజిల్‌లోని సావో పాలో. 1981 నుంచి పరారీలో లేరు. మొదటి నేరం అదే. అచ్చమైన పంక్ బృందమన్నాక రెండేళ్లలో కొట్టుకుని విడిపోవాలి. వీళ్లు నలభై ఏళ్లు దాటినా వాయిస్తూనే ఉన్నారు.

మొదట్లో నడవడిక సక్రమంగానే ఉండేది. అప్పుడు సైనిక పాలన. పాట రికార్డవ్వాలంటే సాహిత్యం ముందు సెన్సారు ముద్ర పొందాలి. 1983లో సాటి బృందం ఇనోసెంచిస్ ఎల్పీ (పెద్ద రికార్డు) తేబోతే కత్తెర పడి చిన్న రికార్డుగా మిగిలింది. ఆ పాలనలోని చిత్రహింసల గదులను కూడా బ్రెజిల్ జనం నేలమాళిగలనే అంటారు. ఎలుకలు పేరు ఊరికే పెట్టుకోలేదని మా అనుమానం.

1982 నవంబరులో, పాత పీపాల ఫ్యాక్టరీని మార్చి కట్టిన సెస్క్ పొంపేయా అనే సాంస్కృతిక కేంద్రంలో, నగర పంకులకూ ఏబీసీ అనే పారిశ్రామిక శివార్ల పంకులకూ రాజీ కుదర్చడానికి పండుగ పెట్టారు. పేరు ‘ప్రపంచాంతానికి ఆరంభం’. పోలీసులొచ్చి ముగించారు. ఇరువర్గాలనూ సమానంగా చూసింది వాళ్లొక్కరే.

1984లో తొలి ఎల్పీ ‘వ్యవస్థ చేతిలో శిలువెక్కినవాళ్లు’. ఇంతవరకూ ఫిర్యాదు లేదు.

ద్రోహం 1986 నాటి ఎల్పీతో మొదలైంది: వాయించడం నేర్చుకున్నారు! పంక్ గిటారుకు రెండు మూడు పవర్ కార్డులు (రెండేసి స్వరాల సులువు జోడీలు), తీగల మీద పైనుంచి కిందికి ఆగని దెబ్బలు చాలు. వీళ్లు మెటల్ (బరువైన, నైపుణ్యం కోరే రాక్) వాళ్లలా కుడి అరచేతి అంచును బ్రిడ్జి, అంటే గిటారు మీద తీగలు ఆనే పట్టీ, మీద ఆనించి తీగలను అదిమారు. అది అంత సులువు కాదు. చెయ్యి కాస్త ముందుకు జరిగితే స్వరం చచ్చిపోతుంది. వెనక్కి జరిగితే అదుపు తప్పి, డిస్టార్షన్ (గిటారు ధ్వనిని గరగరలాడించే ప్రభావం)లో అంతా పేస్టులా కలిసిపోతుంది. వేగం పెరిగితే ముంజేయి బిగుసుకుని డ్రమ్మర్ కంటే వెనకబడతారు. అంత కష్టపడి నేర్చుకున్నారంటే ముందస్తు పథకమే.

పైగా 1989 ఎల్పీకి బెర్లిన్ దాకా వెళ్లి రికార్డు నిర్మాత హారిస్ జాన్స్ దగ్గర రికార్డు చేశారు. బ్రెజిల్ మెటల్ బృందం సెపుల్తురా వీళ్ల పాటను మళ్లీ పాడింది. అంటే మెటల్ వాళ్లనూ చెడగొట్టారు.

ఇక గాయకుడు జువావ్ గోర్దు, అంటే లావు జువావ్. సంగీత టీవీ ఛానెల్ ఎంటీవీ బ్రెజిల్‌లో ఏళ్లతరబడి వ్యాఖ్యాత. తర్వాత యూట్యూబులో మాంసం లేని వంటలు మొదలెట్టాడు. ఆ కార్యక్రమం పేరు ‘పనెలాసు’. గిన్నెలు మోగిస్తూ వీధుల్లో చేసే నిరసనకు బ్రెజిల్‌లో ఆ మాటే వాడతారు. గరిటె పట్టినా నినాదం వదల్లేదన్నమాట! ఏడాది ఉతికినా తెల్లబడని ఎలుక తోలును టీవీ వాళ్లు ఎంత ఉతికితే మాత్రం ఏం లాభం?

2022లో ‘నెక్రోపొలిచికా’ (చావు రాజకీయం) అనే మరో ఎల్పీ బయటికొచ్చింది. కనుక అదనపు అభియోగాలు చేర్చడానికి మరో వాయిదా ప్రార్థిస్తున్నాం.