లేని దీవిని చెరిపేసినవాళ్లదే అసలు ఘనత

ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న దీవి గ్రీన్‌లాండ్ కొసన దొరికిందని 2021 ఆగస్టులో వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1978 నుంచి లెక్కలో ఉన్న ఊడాక్ దీవి మీద దిగామనుకున్న శాస్త్రవేత్తలు, తీరా చూస్తే అంతకన్నా 780 మీటర్లు ఉత్తరాన ఉన్నారు. 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున బురద, గులకరాళ్ల దిబ్బ. దానికో పేరు కూడా ప్రతిపాదించారు.

అది దీవి కాదని మరుసటి ఏడాదే తేలింది. నా దృష్టిలో అసలు ఘనకార్యం అదే.

మొదటి బృందంలోని కొందరు సహా శాస్త్రవేత్తలు 2022లో మళ్లీ అక్కడికి వెళ్లారు. ఇలాంటి దిబ్బల దగ్గర సముద్రం ఎంత లోతుందో కొలిచారు. 26 నుంచి 47 మీటర్లు! నీటిపైన మూడు నాలుగు మీటర్లే కనిపించే పిడికెడు దిబ్బ చుట్టూ అంత లోతుంటే అది నేల ఎలా అవుతుంది? సముద్రం అడుగున తట్టుకుని ఆగిపోయిన మంచుకొండ అది. పైన మట్టి, రాళ్లు పరుచుకుని నేలలా కనిపించింది. ఊడాక్‌తో సహా అక్కడ ఇన్నేళ్లుగా ప్రకటించిన చిట్టి దీవులన్నీ బహుశా ఇలాంటివేనని తేల్చారు. పటం మీద తమ పేరు నిలబెట్టే దీవిని తామే కొట్టేయడానికి ఎంత నిజాయితీ కావాలి!

మనిషే లేని చోట ఈ రాద్ధాంతం ఎందుకని కొందరంటారు. సముద్ర చట్టం ప్రకారం, ఆటుపోటుల్లో పోటు వచ్చినా మునగని సహజమైన నేలే దీవి. సముద్రంపై హక్కుల కొలత తీరం నుంచే మొదలవుతుంది. ఆర్కిటిక్ అడుగుభాగం కోసం డెన్మార్క్, రష్యా, కెనడా పోటీపడుతున్నాయి. అలాంటి చోట మంచుగడ్డను నేలగా రాసుకుంటే చిన్న విషయమా?

నన్ను ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. దొరికిందన్న వార్తకు పెద్ద అక్షరాలు, కాదన్న వార్తకు ఓ మూల నాలుగు లైన్లు. వైద్యంలో, ఆర్థికంలో, రాజకీయంలో అన్నిచోట్లా ఇదే తంతు. తప్పును మొదట ఏ పేజీలో వేశామో సవరణనూ ఆ పేజీలోనే, అంతే పెద్దగా వేయాలి. ఆ రోజు దీవి వార్త రాసిన ప్రతి సంస్థా పాత కథనం పైన దిద్దుబాటు పెట్టాలి. పోటీ పరీక్షల పుస్తకాలు అచ్చువేసేవాళ్లు కూడా ఒకసారి చూసుకోవాలి. సందేహం లేకుండా తేలిన ఉత్తరపు చివరి నేల, 1921లో డెన్మార్క్ అన్వేషకుడు లాగె కోక్ అడుగుపెట్టి పేరు పెట్టిన కాఫెక్లుబ్బెన్ దీవి.