సార్, ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారా

ఈ దేశానికి ఇంతమంది ఇంజనీర్లు ఎందుకో నాకు అర్థం కాదు. ఇంటర్నెట్ రాకపోతే రౌటర్ ఆఫ్ చేయాలి, ముప్పై సెకన్లు ఆగాలి, ఆన్ చేయాలి. నేర్పాల్సింది ఇంతే కదా. దీనికి నాలుగేళ్ల బీటెక్, అందులో బ్యాక్‌లాగులు, వాటికి మళ్లీ ఫీజులు, అంతా దండగ. వీధి చివర జేసీబీ రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేసి, ఆ తెగిన ముక్కని పళ్లకి తగిలించుకుని పక్క వీధికి వెళ్లిపోతున్నా సరే, ఆ దృశ్యాన్ని మీరు బాల్కనీలోంచి కళ్లారా చూస్తూ ఫోన్లో వర్ణించి చెబుతున్నా సరే, అవతల నుంచి వచ్చే మాట ఒక్కటే. సార్, ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?

చేస్తాం. ఎందుకు చేయం. నెల నెలా డబ్బులు కట్టేది అందుకే కదా.

ఆ తెల్ల డబ్బా మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది, టీవీ వెనకో, చెప్పుల స్టాండు మీదో. దాని మీద వరసగా లైట్లుంటాయి. బిగించి వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పరు గానీ, నెట్ పోయినప్పుడు ముందు చూడాల్సినవి రెండే. పాన్ (PON) అని రాసి ఉన్నది పచ్చగా నిలకడగా వెలుగుతుంటే మన డబ్బాకీ కంపెనీకీ మాటలు సాగుతున్నట్టు. ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్నది ఎర్రగా కొట్టుకుంటుంటే అసలు గాజుపోగుతో చేసిన ఫైబర్‌లో వెలుగే రావట్లేదన్నట్టు. ఫైబర్‌లో వచ్చేది వెలుగే మరి. కంటికి కనపడని పరారుణ కాంతి, 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో కంపెనీ ఎక్స్ఛేంజీలో బయల్దేరి, దారిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలో 32 ఇళ్లకో 64 ఇళ్లకో వాటాలు పంచుకుని, మన గుమ్మం చేరేసరికి బాగా చిక్కిపోయి ఉంటుంది. ఎంత చిక్కిందో డీబీఎం లెక్కలో చెబుతారు. మైనస్ 20 దగ్గరుంటే హాయి. మైనస్ 27 కంటే కిందికి పోతే మన డబ్బాకి చూపు ఆనదు. వైరు ఎక్కడో మరీ మడత పడినా, కనెక్టర్ మూతిలో దుమ్ము చేరినా, చెట్టు కొమ్మలు కొట్టేవాళ్లు కొమ్మతో పాటు లాగేసినా, ఎలుక కొరికినా పోయేది ఈ వెలుగే.

పాపం ఆ డబ్బా నోరు లేకపోయినా ఎర్రగా కొట్టుకుంటూ, నా దాకా ఏమీ రావట్లేదు మహాప్రభో అని మొత్తుకుంటుంటే, వీళ్లు దాన్నే పట్టుకుని ఆఫ్ చేయమంటారు. మునిసిపాలిటీ నీళ్లు వదలకపోతే ఇంట్లో బిందె బోర్లించి మళ్లీ నిలబెట్టమన్నట్టు.

మొన్నటి ఫోన్ సంగతి వినండి. ముందు యంత్రం మాట్లాడింది. తెలుగు కావాలంటే నంబరు నొక్కమంది. నొక్కాను. హిందీలో మొదలెట్టింది. ఓటీటీ ప్యాకుల గురించి చెప్పింది, ఇంకొంచెం ఎక్కువ కడితే వచ్చే స్పీడు గురించి చెప్పింది. ఉన్న స్పీడు సున్నా అని దానికెవరు చెబుతారు. 2023లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చింది, అంతకు ముందు 512 కేబీపీఎస్ వస్తే చాలు. మా ఇంట్లో వచ్చేది పాత నిర్వచనానికీ అందలేదు, కొత్తదానికీ అందలేదు. ఆ తర్వాత యంత్రం, మీ సమస్యని మా యాప్‌లో ఇంకా సులభంగా నమోదు చేసుకోవచ్చు అని సలహా ఇచ్చింది. నెట్ లేదని చెప్పుకోవడానికి నెట్ ఉండాలి. మొబైల్ డేటా ఉంది కదా అంటారేమో, ఉంది, రోజుకి ఒకటిన్నర జీబీ, పొద్దున పిల్లాడి క్లాసుకి హాట్‌స్పాట్ పెడితే మధ్యాహ్నానికి అయిపోయింది.

చివరికి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, స్క్రీను మీద ఏముంటే అది చదవడమే ఉద్యోగం.

"సార్, మీ రౌటర్ ఆన్‌లో ఉందా?"

"ఉందమ్మా. ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది. ఫైబర్ ఎక్కడో తెగింది."

"ఓకే సార్, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?"

"చేశానమ్మా."

"నేను లైన్లో ఉండగా చేయండి సార్."

ఆవిడ లైన్లో ఉండగా చేస్తే తెగిన గాజుపోగు మొహమాటపడి అతుక్కుంటుందేమో, కాదనడానికి మనమెవరం. చేశాను. ఇద్దరం మాట్లాడకుండా ముప్పై సెకన్లు గడిపాం. అటు పక్క సీట్లోంచి ఇంకెవరో, ఇంకెవరికో, మేడమ్ ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారా అంటున్న గొంతు వినపడింది. ఆన్ చేశాను. లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయి, ఎర్రది మిగిలింది.

"సార్, ఇప్పుడు ఏ లైటు వెలుగుతోంది?"

"ఎర్ర లైటేనమ్మా."

"ఓకే సార్. ఫోన్లో వైఫైని ఫర్గెట్ చేసి మళ్లీ కనెక్ట్ అవుతారా?"

"వైఫై బాగానే ఉందమ్మా. అది నా ఫోనుకీ డబ్బాకీ మధ్య సంగతి. పోయింది డబ్బాకీ మీకూ మధ్య లైను."

"వైఫై బాగానే ఉందంటున్నారు కదా సార్, మరి నెట్ వస్తున్నట్టే కదా?"

కాసేపు గోడకేసి చూశాను.

"సార్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. నేను 192.168.1.1 తెరిచి లోపల ఆప్టికల్ పవర్ ఎంత చూపిస్తోందో చెబుతాను, రాసుకోండమ్మా."

"సార్, ఆ సైటు ఓపెన్ అవ్వాలంటే ముందు మీకు నెట్ రావాలి సార్."

"అది సైటు కాదు తల్లీ, ఇక్కడున్న డబ్బానే."

"ఓకే సార్. రౌటర్‌ని వేరే గదిలో పెట్టి చూశారా?"

వేరే గదిలో. మా అత్తగారు కూడా ఇదే అన్నారు, కరెంటుతో పనిచేసేది కాబట్టి ఆగ్నేయంలో పెట్టాలట. ఆవిడ చెప్పినదానికి కనీసం ఒక శాస్త్రం ఉంది. ఇంతలో ఈ అమ్మాయి, డబ్బా నుంచి కంప్యూటర్‌కి వెళ్లే లాన్ కేబుల్ తీసి మళ్లీ పెట్టమంది. నేను లాన్ కేబుల్ వాడటం లేదు, ఆ మాట చెప్పాను కూడా. "ఓకే సార్, తీసి మళ్లీ పెట్టండి" అంది. వాదన అనవసరం అనిపించింది. లేనిదాన్ని తీశాను. లేనిచోటే మళ్లీ పెట్టాను. ఏం మార్పు లేదని చెప్పాను. సహకరించినందుకు ధన్యవాదాలు చెప్పింది.

రీస్టార్ట్‌ని నేను చులకన చేయను. ఎల్‌ఓఎస్ ఆరిపోయి, పాన్ పచ్చగా ఉండి, ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఎర్రగా ఉంటే కథ వేరు. అప్పుడు వెలుగు వస్తోంది, లాగిన్ పడట్లేదు. చాలా కంపెనీల్లో మన డబ్బా పీపీపీఓఈ అనే పద్ధతిలో యూజర్ నేమూ పాస్‌వర్డూ పంపి లోపలికి రానివ్వమంటుంది. పాత సెషన్ వాళ్ల వైపు వేలాడుతూ ఉండిపోతే రీస్టార్ట్‌తో కొత్తది మొదలవుతుంది, నిజంగానే పని జరుగుతుంది. బిల్లు బాకీ ఉన్నా, పాస్‌వర్డ్ తప్పినా, కొత్త రౌటర్ పెట్టి దాని గుర్తింపు సంఖ్య, అదే మ్యాక్ నంబరు, వాళ్ల దగ్గర మార్పించకపోయినా మాత్రం ఎన్నిసార్లు ఆన్ చేసినా అదే తిరస్కారం. విండోస్ కంప్యూటర్ నుంచి నేరుగా డయల్ చేస్తే 691 అని ఎర్రర్ చూపిస్తుంది. అంటే ఇది రెండు రకాల జబ్బు, రెండు రకాల మందు. తేడా పట్టడానికి ఒక్క ప్రశ్న చాలు, ఎర్రగా ఉన్నది ఏ లైటు అని. ఆ ప్రశ్న అడుగుతున్నారు కూడా. జవాబుతో ఏం చేయాలో స్క్రిప్టులో రాసినవాడు లేడు.

అసలు సంగతి ఇంకోటుంది, ఇది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మన డబ్బాకి కరెంటు పోతే, పూర్తిగా ఆరిపోయే లోపు కంపెనీ పరికరానికి ఒక ఆఖరి కబురు పంపుతుంది. డైయింగ్ గ్యాస్ప్ అంటారు, కొనఊపిరి కబురు. ఆ కబురు వచ్చి డబ్బా ఆగిపోతే ఇంట్లో కరెంటు పోయిందని, ఏ కబురూ లేకుండా మాయమైతే ఫైబర్ తెగిందేమోనని అక్కడ కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. ఒకే స్ప్లిటర్ మీదున్న ఇళ్లన్నీ ఒకేసారి మాయమైతే లోపం ఆ పైనేనని ఇంకా బాగా తెలుస్తుంది. అంటే నేను ఫోన్ చేయక ముందే వాళ్ల కంప్యూటర్‌కి విషయం తెలుసు. తెలిసీ, నా చేత లేని కేబుల్ తీయించి పెట్టించారు. దాన్ని సేవ అంటారు, దానికో శాఖ, దానికో ట్రైనింగు.

ఫిర్యాదు టికెట్ రాశారు. మర్నాడు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. ఎవరూ రాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. ఎర్ర లైటు అలాగే ఉంది. ఎవడు పరిష్కరించాడు? ఎక్కడ నిలబడి పరిష్కరించాడు? అడుగుదామంటే ఆఫీసు లేదు, గుమ్మం లేదు, కుర్చీలో మనిషి లేడు. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త టికెట్, కొత్త నంబరు, కొత్త అమ్మాయి, అదే ముప్పై సెకన్లు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నాణ్యతా నిబంధనల ప్రకారం ఇంటి లైనులో లోపం మూడు రోజుల్లోపు సరిచేయకపోతే వినియోగదారుడికి పరిహారం కింద అద్దెలో కోత ఇవ్వాలి. బాగుంది. మరి మూడో రోజు రాకముందే టికెట్ మూసేస్తే? కాగితం మీద లోపమే లేదు కదా, పరిహారం దేనికి. ఇది నా అనుమానం మాత్రమే, కానీ ఇంత పనికిమాలిన వ్యవస్థలో ఈ ఒక్క పని మాత్రం ఇంత చురుగ్గా జరుగుతుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

మరో టికెట్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. బైకు మీద నిచ్చెన, భుజాన సంచి, అందులో ఫైబర్ అతికే మిషను, పవర్ మీటరు. డబ్బా వంక ఒక్క చూపు చూసి, "స్తంభం కాడ పోయిందన్నా" అన్నాడు. ఒక్క చూపు. ఇంత పెద్ద కస్టమర్ కేర్‌కి పట్టనిది. వెంటనే వీధిలోకి వెళ్లి నిచ్చెన వేసి కరెంటు స్తంభం ఎక్కాడు. చేతులకి గ్లౌజుల్లేవు, నడుముకి బెల్టు లేదు, కాళ్లకి హవాయి చెప్పులు. తలకి మూరెడు దూరంలో కరెంటు తీగలు. అక్కడ ఏ కంపెనీదో, ఎప్పటిదో తెలియని వైర్ల చిక్కు, సగం ఎప్పుడో చచ్చిపోయినవి, వాటిని తీసేవాడు లేడు. కింద నిలబడి పైకి చూస్తుంటే నాకు నెట్ సంగతే మర్చిపోయేంత టెన్షన్ వచ్చింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ వాళ్లు హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లని కోసి పడేశారు, నగరంలో ఎన్నో చోట్ల నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మనుషులు పోయాక గానీ ఆ చిక్కు ఎవరికీ కనపడలేదు. కోసినవాటి చోట మళ్లీ వైర్లు కట్టడానికి ఎక్కింది ఎవరనుకున్నారు? ఇలాంటి కుర్రాళ్లే, ఇలాగే, వట్టి చేతులతో.

దిగి వచ్చాక ఓటీపీ అడిగాడు. "టైముకి క్లోజ్ చేయకపోతే జీతంలో కోస్తారన్నా. రేటింగ్ అడిగితే అయిదు ఇవ్వవా, నాలుగు ఇచ్చినా అడుగుతారు" అన్నాడు. అతను కంపెనీ ఉద్యోగి కూడా కాదు, కంపెనీకి ఒక కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరుకి ఇంకొకడు, ఆ ఇంకొకడి దగ్గర ఇతను. ఎవరూ రాకపోయినా టికెట్ మూసేసిన మహానుభావుడికి ఏ కోతా లేదు. ప్రాణం పణంగా పెట్టి స్తంభం ఎక్కినవాడికి చుక్కలు లెక్కపెడతారు. సిగ్గుండాలి. వేల కోట్ల వ్యాపారం చేస్తారు, పేపర్లో మొదటి పేజీ అంతా ప్రకటన వేస్తారు, వాడి నడుముకి ఒక బెల్టు కొనివ్వడానికి చేతులు రావు, అతని కష్టానికి మార్కులు మాత్రం నన్ను వేయమంటారు. మీకు వేయమనండి, వేస్తాను.

కోపం మీద కంపెనీ మార్చేశాను. కొత్త కనెక్షన్‌కి ట్రాయ్ ఇచ్చిన గడువు ఏడు రోజులు, వీళ్లు ముందే పంపారు, కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఎవరికైనా హుషారే. బెల్ మోగితే తలుపు తీశాను. అదే కుర్రాడు, టీషర్టు రంగు వేరు.

"నువ్వేంటి తమ్ముడూ ఇక్కడ?"

"ఈ ఏరియాలో రెండు కంపెనీలవీ మేమే చూస్తామన్నా." అని, పాత వైరు చివర మీటరు పెట్టి చూసుకుని, వైరు బానే ఉంది, స్తంభం కాడ ఇటు మార్చేస్తా అన్నాడు. కొత్త డబ్బా బిగించాడు. మైనస్ 19 వచ్చింది. పోతూ పోతూ, ఈసారి పోతే కాల్ సెంటరుకి చేయొద్దు, నేరుగా నాకే చెయ్యన్నా అని తన నంబరు ఇచ్చాడు. సేవ్ చేసుకున్నాను. పేరు పక్కన కంపెనీ పేరు రాయలేదు, ఎలాగూ మళ్లీ మార్చాల్సి వస్తుంది కదా అని 'నెట్' అని మాత్రం రాసుకున్నాను.