కెమెరా ఆన్ చేసి సంతోషంగా ఉండవలెను

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం 5 గంటలకు మా కంపెనీ ఒక ఆన్‌లైన్ మీటింగ్ పెట్టింది. విషయం: ఉద్యోగం చేస్తూనే కుటుంబానికి సమయం ఇవ్వడం ఎలా? హాజరు తప్పనిసరి. కెమెరా ఆన్‌లో ఉండాలి. ఆ రోజు సెలవు కదా, అందరూ ఇంటి దగ్గర ఖాళీగానే ఉంటారని ఆ ముహూర్తం పెట్టారట. ఎంత ముందుచూపు! కుటుంబం గురించి చెప్పాలంటే కుటుంబమంతా ఇంట్లో ఉన్న రోజే చెప్పాలి కదా మరి.

అప్పటికి మా ఇంట్లో బతుకమ్మ తయారై ఉంది. పొద్దున్నే మడికొండ దాటి పోయి తంగేడు, గునుగు తెచ్చింది నేనే. అమ్మ పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద కట్టి పెట్టింది. హన్మకొండ హన్మకొండంతా పద్మాక్షి గుట్ట దారి పట్టింది. నేను పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

తెర మీద ఒక మేడమ్ వచ్చింది. కళ్లు మూసుకోమంది. మీకు ఇష్టమైన వాళ్లను ఊహించుకోండి అంది. వాళ్లు పక్క గదిలోనే ఉన్నారు మేడమ్, చెప్పులు వేసుకుంటున్నారు అందామనుకున్నాను గానీ మైక్ వాళ్లే మూసేశారు. అందరం బుద్ధిగా కళ్లు మూసుకున్నాం. మా మేనేజర్ మాత్రం తెరిచే ఉంచినట్టున్నాడు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే గ్రూపులో మెసేజ్ పడింది: నిన్నటి రిపోర్టు ఇంకా ముగ్గురు పంపలేదు.

అమ్మ వచ్చి వెనుక నిలబడింది.

"కొడకా, ఆమె ఏమంటాంది?"

"పని తగ్గించుకొని ఇంటోళ్లతో ఉండుమంటాందమ్మా."

"మరి లేవరాదు?"

"లేస్తే గైర్హాజరు వేస్తరు."

అమ్మ కాసేపు ఆ మేడమ్‌ను చూసింది. "పాపం, ఈమెను గూడ పండుగకు ఇంటికి పోనియ్యలే" అని బతుకమ్మనెత్తుకుని వెళ్లిపోయింది.

మీటింగ్ చివర్లో ఒక షీటు ఇచ్చారు. రోజూ రాత్రి 9 లోపు నింపాలి. అమ్మానాన్నలతో ఎన్ని నిమిషాలు, భార్యాపిల్లలతో ఎన్ని నిమిషాలు, నవ్విన సందర్భాలు ఎన్ని. ఫొటో జత చేయాలి. మేనేజర్ అప్రూవ్ చేస్తేనే లెక్క. అంటే ఇకమీద నేను మా అమ్మతో మాట్లాడానా లేదా అన్నది నాకూ అమ్మకూ తెలిస్తే చాలదు.

మా నాయన ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. 1934లో పెట్టిన మిల్లు, ఇప్పుడు లేదు. సైరన్ కూసిందంటే షిఫ్టు అయిపోయినట్టే. చేతులు కడుక్కుని ఇంటికొచ్చేవాడు. "ఆ పోగు ఒక్కటి చూసి పంపు" అని రాత్రి పదకొండింటికి మగ్గం ఏనాడూ మెసేజ్ పెట్టలేదు. నాయనకు బ్యాలెన్స్ అనే మాటే తెలియదు. తూకం వేసుకోవాల్సిన అవసరం రాలేదు.

ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని 1948లోనే చట్టం చేశారు. 2025 జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు మినహా మిగతా వాణిజ్య సంస్థలు రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు మాత్రం ఉంచింది, సంతోషం. ఈ హద్దులు పెద్ద కంపెనీల పెద్దలకు ఆనవు. ఒకాయన 2023లో వారానికి 70 గంటలు పనిచేయమన్నాడు. ఇంకొకాయన 90 అన్నాడు, ఇంట్లో కూర్చొని భార్య మొహం ఎంతసేపు చూస్తారనీ అడిగాడు. అయ్యా, సద్దుల నాడు మా ఆవిడ కొత్త చీర కట్టుకుని నా వెనుక నుంచి పోతుంటే నేను లాప్‌టాప్ కెమెరాలో చూశాను. ఎంతసేపంటే, నాలుగు సెకన్లు.

ఆ చీర సంగతి కూడా చెప్పాలి. ఇంతసేపూ నా గోడే వెళ్లబోసుకున్నాను. నాకు కనీసం కుర్చీ ఉంది.

పండుగకు రెండు రోజుల ముందు రాత్రి వరంగల్‌లో ఒక బట్టల షాపుకు పోయాం. తొమ్మిదిన్నర దాటింది. చీరలు చూపించే అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక కాలు మీద బరువు వేసి, కాసేపటికి ఇంకో కాలు మీదికి మార్చుకుంటోంది. పొద్దున షాపు తెరిచినప్పటి నుంచీ నిలబడే ఉందట. కూర్చుంటే కెమెరాలో కనబడుతుందట! దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చుకున్నాయి. సాటి మనిషి కూర్చోవడానికి చట్టం కావలసి వచ్చిందంటే సిగ్గుతో చావాలి. మనకు ఆ సిగ్గు కూడా ఇంకా రాలేదు. ఊరి ఆడవాళ్లందరి బతుకమ్మ చీరలూ ఆమె చేతుల మీదుగానే పోయాయి. కళ్లు మూసుకుని కుటుంబాన్ని ఊహించుకొమ్మని ఆమెకు ఏ మేడమూ చెప్పదు. చెప్పినా కళ్లు మూస్తే నిలబడే నిద్రపోతుంది.

"అక్కా, జెర జల్ది చూడుండ్రి, పరకాల బస్సు పోతది" అంది.

మేము ఇంకో పది చీరలు తీయించాం. చివరికి మొదట చూసిందే కొన్నాం.