అబ్బీ డోర్ మహిమ

ఇండియా నుంచి అత్తమామలు వస్తే లండన్‌లో చూపించాల్సినవి వారం తిరక్కుండానే అయిపోతాయి. అసలు టెన్షన్ ఆ తర్వాతే. మా మామగారు రిటైరైన హిస్టరీ మాస్టారు. "ఈ గడియారాలూ రంగులరాట్నాలూ కాదు అల్లుడుగారూ, పాతవేవన్నా ఉంటే చూపించండి" అన్నారు. సరేనని వేల్స్ సరిహద్దు దగ్గర, హెరెఫర్డ్‌షైర్‌లో ఉన్న కిల్పెక్ అనే పల్లెకి తీసుకెళ్ళాను.

అక్కడి ఎర్ర ఇసుకరాతి చర్చి 1140 ప్రాంతంలో కట్టింది. చూరు కింద చుట్టూతా 80కి పైగా బొమ్మలు. పక్కపక్కనే కూర్చున్న కుక్కా కుందేలూ అయితే నిన్నమొన్నటి కార్టూన్‌లోంచి దిగినట్టుంటాయి. వాటితోపాటే షీలా నా గిగ్ అనే స్త్రీ బొమ్మ కూడా ఉంది. అదెలా ఉంటుందో వర్ణించను. అత్తగారి పక్కన నిలబడి చూసే బొమ్మ మాత్రం కాదు. "అదిగో కుందేలు, అదిగో కుక్క" అంటూ ఆవిడని అటు మళ్ళిస్తూనే ఉన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఏవండీ, మన అలంపురం లజ్జాగౌరికి చెల్లెల్లా లేదూ?" అన్నారు. మామగారు తాపీగా తలూపారు. చెమటలు పట్టింది నాకొక్కడికే.

అక్కడికి దగ్గర్లోనే అబ్బీ డోర్. 1147లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు పెట్టిన మఠం. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలు మూయించాక పాడుబడి, 1634లో ఊరి చర్చిగా మళ్ళీ తెరుచుకుంది. ఇదంతా మామగారే నాకు పాఠం చెప్పారు.

అప్పటికే వాన, బురద. పొలాల వెంట నడిచొచ్చిన వాళ్ళు కాబోలు, కొందరు గుమ్మంలో బూట్లు విడిచి లోపలికెళ్ళారు. అది చూసి మామగారికి ప్రాణం లేచొచ్చింది. "చూశారా, వీళ్ళకీ భక్తి ఉంది!" అని తనూ విడిచారు. బలిపీఠం వెనక చుట్టూ తిరిగే దారి కూడా ఉంది. ఇంకేం, ఆ చల్లటి రాతినేల మీద మునివేళ్ళతో ప్రదక్షిణ కానిచ్చారు.

తిరిగి కారెక్కాక, "విమానం దిగినప్పటినుంచి బిగుసుకుపోయిన బూట్లు ఇప్పుడు హాయిగా వదులయ్యాయి. కాళ్ళవాపు చేత్తో తీసేసినట్టు పోయింది. ఈ చర్చిలో ఏదో మహిమ ఉంది" అన్నారు.

అత్తగారు కిందికి చూశారు. "మహిమ సంగతి సరే, మీ బూట్లకి ఎర్ర లేసులు ఎప్పణ్ణుంచి?"

కారు వెనక్కి తిప్పాను. ఒక్క బండి పట్టే దారిలో ఎదురుగా ట్రాక్టరు. ఆ రివర్సు కష్టాలు వదిలేద్దాం. గుమ్మంలో ఆరడుగుల దొర ఒకాయన సాక్సులతో నిలబడి, మామగారి ఏడో నంబరు బూటులో బొటనవేలు దూర్చి చూసుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే "సారీ" అన్నాడు. బూట్లు పోయిందీ ఆయనవే, సారీ చెప్పిందీ ఆయనే! మామగారూ సారీ అన్నారు. ఆయన మళ్ళీ సారీ. చీకటి పడేలోపు ఇల్లు చేరతామా అనిపించింది నాకు.

దారిలో అత్తగారు నిట్టూర్చారు. "గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలినట్టంటారు. పాపం ఆ దొరకి వదిలిన శనిని, ఈయన వెనక్కెళ్ళి మరీ అప్పజెప్పొచ్చారు."