అరవై అయిదో కళ

మన పెద్దలు కళలు 64 అని ఎప్పుడో లెక్క తేల్చేసి చేతులు దులుపుకున్నారు గానీ, ఆ లెక్క వేసినవాళ్లలో సర్కారు బడిలో పనిచేసిన పంతులు ఒక్కడు కూడా లేడని నా గట్టి అనుమానం. ఉండి ఉంటే 65వది కూడా ఉండేది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి మండలంలో ఈ కళని రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా సాధన చేస్తున్నాం, ఒక అకాడమీ పట్టించుకోలేదు, ఒక పత్రిక సమీక్ష రాయలేదు, శాలువా కప్పేది రిటైరైన రోజునే, అది కూడా స్టాఫ్ అంతా చందాలేసుకుని కొన్నది. కాబట్టి విమర్శకుడి బాధ్యత నేనే నెత్తినేసుకుంటున్నా.

ముందు సాహిత్యం సంగతి చూద్దాం. బడి వరండాలో చిన్న నల్లబోర్డు ఉంటుంది చూడండి, దాని మీద రోజుకో మంచిమాట రాయాలి. ఇదేం పెద్ద పని అనుకుంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీకి ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220, మరి ఇన్ని మంచిమాటలు లోకంలో ఉన్నాయా అసలు? సగం మనమే పుట్టించాలి. పుట్టించినదాని కింద మన పేరు వేసుకుంటే అయిదో తరగతి వాడు కూడా నమ్మడు కాబట్టి ఓ పద్ధతి స్థిరపడింది: ధైర్యం, యువత లాంటివి తగిలితే వివేకానందుడు, కలలూ రాకెట్ల వాసన వస్తే కలాం గారు, ఎటూ తేలకపోతే 'ఒక మహానుభావుడు'. చాణక్యుణ్ణి హైస్కూలు వాళ్లకి వదిలేశాం. ఇంత వాఙ్మయం సృష్టించి ఒక్క రూపాయి రాయల్టీ అడగని రచయితలు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

అంతకంటే గంభీరమైన ప్రక్రియ పాఠ్యపథకం. "ఉపాధ్యాయుడు ప్రశ్నల ద్వారా ప్రేరణ కలిగించును. విద్యార్థులు ఉత్సాహముతో పాల్గొందురు." ఇది ఎప్పుడు రాశారు? ముందురోజు రాత్రి సీరియల్ అయ్యాక. బ్రహ్మంగారి తర్వాత రేపటి గురించి ఇంత ధీమాగా చెప్పిన తెలుగువాళ్లు మేమే. సగంమంది జ్వరాలతో రాకపోయినా, మిగతా సగం కిటికీలో కోతిని చూస్తూ కూర్చున్నా, పాల్గొందురు అంటే పాల్గొందురు, అంతే.

ఈ భాష గురించి ఓ మాట చెప్పాలి. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు కూడా పర్లాకిమిడిలో పంతులే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, మేం ఘనంగా చేస్తాం, ఫొటోకి దండేస్తాం, వాడుక భాష గొప్పతనం మీద పిల్లలకి వ్యాసరచన పోటీ పెడతాం, సాయంత్రం కూర్చుని రిపోర్టులో "విద్యార్థులు విశేషముగా పాల్గొనిరి" అని రాస్తాం. ఆయన సవర గిరిజన పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, అందులోనే పాఠాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడాయె. అంతా బాగానే ఉంది గానీ ఒక్క ఫొటో అప్‌లోడ్ చెయ్యలేదు, ఇవాళ్టి లెక్కలో ఏమీ చెయ్యనట్టే.

చిత్రకళకి వద్దాం, దీన్ని మాలో టీఎల్ఎమ్ అంటారు, అంటే పాఠం చెప్పడానికి వాడే చార్టులు, కార్డులు, బొమ్మలు; వీటన్నిటితో ప్రదర్శన పెడితే అది మేళా. సర్క్యులర్లలో ఈ శైలి పేరు 'నో కాస్ట్, లో కాస్ట్', కాస్ట్ ఎవరికి లేదో మాత్రం ఆ సర్క్యులర్లో ఉండదు. చార్టులు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్, థర్మోకోల్ షీటు కొనడానికి ఫ్యాన్సీ షాపుకి వెళ్తే కొట్టతను మన మొహం చూసి "మేళా ఉందా సార్" అని అడిగి మరీ రేటు చెప్తాడు. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్ఎమ్ గ్రాంటని వచ్చేది, ఆ 500 ఖర్చు పెట్టడం కంటే దానికి బిల్లులు సంపాదించి వరసగా అతికించడం పెద్ద పని, నా దృష్టిలో అది కూడా కొలాజే.

ఈ శైలికి ప్రాణం పెళ్లి శుభలేఖ. మందంగా ఉంటుంది, ఉచితం, మాఘంలో, శ్రావణంలో అయితే మెటీరియల్‌కి కొరతే లేదు. నాలుగు ముక్కలు కోసి వెనకవైపు ఖాళీ మీద స్కెచ్‌తో 'ఆవు', 'ఈగ' అని రాస్తే ఫ్లాష్ కార్డు రెడీ. తంటా ఎక్కడంటే పిల్లలు రెండోవైపు కూడా చూస్తారు. 'ఈగ' దగ్గర గుటకలు మింగే పిల్ల కార్డు తిప్పి 'చి.ల.సౌ.' అని ఠపీమని చదివేస్తుంది, మరి బొత్తిలో సగం కార్డుల వెనక అదే కదా, చదివి ఊరుకోకుండా "విందు ఎక్కడ సార్, ఆ ముక్క లేదేంటి" అంటుంది. ఇప్పుడు ఆ పిల్లకి చదవడం వచ్చినట్టా రానట్టా? పిల్లలకి ఏం వచ్చో ముందుగా తేల్చే బేస్‌లైన్ పరీక్ష ఫార్మాట్లో దానికి గడి లేదు. నేనైతే వచ్చినట్టే అంటాను, కానీ నన్నెవరు అడిగారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లో బ్రిటన్ వాళ్ల సాయంతో ఏపీపీఈపీ అని ప్రైమరీ చదువుల కోసం ఓ ప్రాజెక్టు వచ్చింది, పాత టీచర్లని కదిపితే దాని ఆరు సూత్రాలూ ఇప్పటికీ ఒప్పజెప్తారు. అందులో ఒకటి, పిల్లలు చేసినవి తరగతి గదిలో ప్రదర్శించాలి అని. గది ఈ మూల నుంచి ఆ మూలకి దారం కట్టి బొమ్మలు వేలాడదీసేవాళ్లు, కాళ్లు లేని మేకలు, ఇంటికంటే పెద్ద కోళ్లు, ఫ్యాను గాలికి అన్నీ ఊగుతూ ఉండేవి. కళ అప్పటికి ఇంకా ఎదగలేదు పాపం. ఇప్పుడు గోడ మీద ఉన్నవి సెలవులకొచ్చిన టీచరుగారి బీటెక్ అబ్బాయి ప్రింట్ తీయించి లామినేషన్ చేయించినవి. పిల్లలకి అందని ఎత్తులో కడతాం, అందితే చింపేస్తారని. మేళాకి తీసుకెళ్లి తెచ్చినవైతే కవరు కూడా విప్పం, పైవాళ్లొచ్చినప్పుడు చూపించాలి కదా. మొత్తానికి బొమ్మ పిల్లల చేతిలోంచి గోడెక్కి, గోడ మీంచి ఫోన్లోకెక్కి, ఫోన్లోంచి వాట్సాప్ గ్రూపులోకెక్కింది, ఇంతటి ఉన్నతి ఏ కళకి దక్కింది చెప్పండి.

ఇక అసలైనదానికి, ఆ 65వ దానికి వచ్చేశాం: ఫొటో పెట్టుట. పొద్దున్నే ముఖం చూపించి హాజరు వేసుకోవడంతో మొదలు, ఆంధ్రలో ఇది 2022లో, తెలంగాణలో 2025లో వచ్చింది, సిగ్నల్ కోసం గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి ఫోను పైకెత్తి చేసే ఈ సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో ఏ రోజుకారోజు కొత్త భావం పలుకుతుంది, సర్వర్ రానిరోజు కరుణరసం. తర్వాత అన్నం ఫొటో, గుడ్డు ఫొటో, మొక్క నాటిన ఫొటో. ఆంధ్రలో కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మా చేతే తీయించి, 2024లో ఆ పని తీసేశారు, సంతోషమే గానీ స్టిల్ లైఫ్ ప్రక్రియ మాత్రం దెబ్బతింది. విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ ఉంది, టీచర్లని జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు, ఈ మూడింటికి తప్ప చదువు కాని పనులకి వాడకూడదని. ఫొటో ఈ మూటిలో దేని కిందకొస్తుందని మా సంఘం మీటింగులో ఒకాయన అడిగాడు, సర్వర్ డౌన్ అయితే విపత్తే కదా అని ఇంకొకాయన జవాబిచ్చాడు.

గ్రూపులో మెసేజ్ వస్తుంది, మోస్ట్ అర్జంట్ అని, నాలుగింటికల్లా రీడింగ్ యాక్టివిటీ ఫొటో కావాలి, పిల్లలు కనిపించాలి, బోర్డు కనిపించాలి, బోర్డు మీద తేదీ కనిపించాలి, తేదీ పక్కన నమోదు, హాజరు కనిపించాలి, లొకేషన్ ముద్ర పడాలి, టీచరు బోధిస్తూ కనిపించాలి. చివరిది మళ్లీ చదవండి. సింగిల్ టీచర్ బడిలో టీచరే ఫొటోలో ఉంటే ఫొటో తీసేదెవరు? ఇక్కడే చరిత్రకెక్కాల్సిన సినిమాటోగ్రాఫర్ పుట్టింది, మధ్యాహ్న భోజనం వండే అక్క. నెలకి 3000 గౌరవ వేతనం, అది కూడా వచ్చినప్పుడు. మా బడిలో ఆవిడ పొయ్యి మీద పప్పు వదిలేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోను అడ్డంగా పట్టుకుంటుంది, నిలువుగా తీస్తే బోర్డు తెగిపోతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అనుభవం. పిల్లల్ని పొట్టి ముందు, పొడుగు వెనక కూర్చోబెడుతుంది, చొక్కా గుండీ లేనివాణ్ణి పక్కకి జరుపుతుంది, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నవాడికి తిప్పి ఇస్తుంది.

నేను నిజంగానే పాఠం చెప్తూ చెయ్యి ఊపుతున్నాను, పిల్లలు కూడా ఎందుకో ఆవేళ వింటున్నారు. ఆవిడ రెండుసార్లు నొక్కి చూసుకుని విసుక్కుంది.

"సారూ, ఒక్క నిమిషం ఆ పాఠం ఆపండి, ఫొటో అలికిపోతోంది."